దాని ఎడమ

కంటికి కనపడని పురుగుకి ఎడమేదో కుడేదో తేలక నేను తల పట్టుకుని కూర్చుంటే మా అమ్మకి నవ్వాగదు. "దానికి లేని బెంగ నీకెందుకే" అంటుంది. అమ్మ దృష్టిలో నా పని రెండు ముక్కల్లో తేలిపోతుంది: మురికినీళ్ళు తెచ్చుకోవడం, వాటిలోకి చూస్తూ కూర్చోవడం. కాదని వాదించలేను. చాలా రోజులు నేను చేసేది అంతే.

నందిగామలో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్తాను. క్లాసులయ్యాక మిగిలిన టైములో మంచినీళ్ళలో బతికే శైలికా జీవుల్ని చూస్తాను. వాటికి ఒళ్ళంతా కలిపి ఒక్కటే కణం. ఆ కణం మీద సన్నటి నూగు ఉంటుంది, దాన్నే శైలికలంటాం. ఆ నూగుతోనే ఈదుతాయి, ఆ నూగుతోనే తిండి నోట్లోకి తోసుకుంటాయి. స్కూలు పుస్తకంలో చెప్పు ఆకారంలో ఉండే పారమీషియం బొమ్మ గుర్తుందా, దాని చుట్టాలన్నమాట. ఇవి ఎవరికీ జబ్బు తెచ్చిపెట్టవు, ఎవరి పంటా పాడుచెయ్యవు, అందుకే వీటి జోలికి ఎవరూ రారు. నాకు వీటి మీద ఇష్టం అక్కడే మొదలైందేమో.

మునేరు మా కాలనీకి దగ్గరే. ఎండాకాలం వచ్చేసరికి ఇసక తేలిపోయి, నీళ్ళు అక్కడో పాయ ఇక్కడో పాయగా మిగులుతాయి. ఆ ఇసకలో చేత్తో గుంట తీస్తే అడుగు నుంచి నీళ్ళు ఊరతాయి. దాన్ని చెలమంటారు. ఒకప్పుడు జనం తాగినవి ఆ నీళ్ళే. ఇప్పుడు ఇంటింటికీ క్యాన్ నీళ్ళొచ్చాక చెలమ తీసేవాళ్ళు తగ్గారు. గొర్రెలు కాసుకునేవాళ్ళు దాహానికి తీసి వదిలేసినవి మాత్రం అక్కడక్కడా ఉంటాయి. రెండేళ్ళ కిందట అలాంటి ఒక చెలమలోంచి జామ్ సీసా నిండా నీళ్ళు, కాస్త ఇసకా పట్టుకొచ్చాను. నేను చెప్పబోయే జీవి అందులో దొరికింది.

ఇది ఈదే రకం కాదు, నడిచే రకం. కడుపు వైపున శైలికలు గుత్తులు గుత్తులుగా అతుక్కుపోయి కాళ్ళలా పనిచేస్తాయి. ఇసక రేణువు మీద గబగబా నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది, ఒకడుగు వెనక్కి వేస్తుంది, మళ్ళీ పరిగెడుతుంది. బజారుకొచ్చి ఏం కొనాలో మర్చిపోయిన మనిషిలా ఉంటుంది దాని వరస. దీని దగ్గర చుట్టాలందరికీ కడుపు మీద ఆ గుత్తులు పద్దెనిమిది. దీనికి పంతొమ్మిది. ఆ ఎక్కువున్నది కింద భాగంలో, ఎడమ అంచుకి దగ్గరగా ఉంది.

"ఒక్క కాలు ఎక్కువున్నందుకా ఇంత హడావిడి" అంది అమ్మ.

ఒక్కదానికే ఉంటే హడావిడి అక్కర్లేదు, ఏదో పొరపాటున పుట్టిందనుకోవచ్చు. కానీ ఆ సీసాలో ఉన్నవాటన్నిటికీ అంతే. మళ్ళీ వెళ్ళి వేరే చెలమలోంచి తెచ్చినా అంతే. వెండి రసాయనం పట్టించి స్లైడ్లు చేశాను. అలా చేస్తే ఒక్కొక్క శైలిక మొదలూ నల్ల చుక్కలా తేలి కనపడుతుంది. కొలతలు తీసుకున్నాను. ఇంతకుముందు ఎవరైనా దీన్ని చూసి పేరు పెట్టారేమోనని పాత వర్ణనలన్నీ తిరగేశాను. ఎక్కడా లేదు. ఇక నేనే వర్ణన రాయాలి. రాతతో పాటు బొమ్మ వెయ్యాలి.

ఫోటో ఎందుకు చాలదని మా పిల్లలు అడుగుతుంటారు. మైక్రోస్కోపు ఫోటోలో ఒక్క లోతే స్పష్టంగా వస్తుంది. కాళ్ళు బాగా కనపడితే లోపలున్న కేంద్రకం మసకబారుతుంది, కేంద్రకం కనపడితే కాళ్ళు పోతాయి. బొమ్మలోనైతే అన్నీ ఒకేసారి చూపించవచ్చు. దూరాన ఎక్కడో యూనివర్సిటీలో పనిచేసే ఒక పెద్దావిడ నాకు ఫోన్లో పాఠాలు చెప్తుంటారు. నేను వేసిన బొమ్మ ఆవిడకి వాట్సాప్‌లో పంపితే, చాలా మర్యాదగా, "ఇది వంకాయా అమ్మా?" అని అడిగారు.

బొమ్మ వెయ్యగల మనిషి మా పుట్టింట్లోనే ఉన్నాడు, మా నాన్న. కానీ అప్పటికి ఆయన కుడిచెయ్యి మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టట్లేదు.

నాన్న జగ్గయ్యపేటలో బోర్డులు రాసే ఆర్టిస్టు. ఎరువుల షాపులు, బట్టల కొట్లు, ట్యూషన్ సెంటర్లు, లారీల వెనక పద్యాలూ దీవెనలూ, చర్చి గోడ మీద వాక్యాలు, గుడి గోడ మీద దాతల పేర్లు, అన్నీ ఆయన చేతిరాతే. నేను పుట్టాక తన షాపుకి నా పేరు పెట్టి, పక్కన ఆర్ట్స్ తగిలించాడు. అప్పట్నుంచి రాసిన ప్రతి బోర్డుకీ కింద మూలన చిన్న అక్షరాలతో నా పేరు, ఆర్ట్స్, పేట అని వేసేవాడు. ఊళ్ళో ఎవరి బోర్డు చూసినా కింద నా పేరుండటం చిన్నప్పుడు నాకు ఎక్కడలేని గొప్ప. ఇంటర్‌కొచ్చాక అదే తలవంపైంది. క్లాసులో ఒకడు నన్ను "ఆర్ట్స్" అనే పిలిచేవాడు.

నాన్నకి అన్నిటికన్నా ఇష్టమైనవి అద్దాల పనులు. షాపు తలుపుల అద్దాల మీద పేర్లు రాయడం. బయట రాస్తే వానకీ తుడుపుకీ రంగు పోతుందని అద్దానికి లోపలి వైపు రాసేవాడు. లోపల రాసింది బయట నుంచి చదవాలి కదా, అంచేత అక్షరాలన్నీ తిరగేసి రాయాలి. సన్నటి కాగితం మీద మామూలుగా రాసుకుని, దాన్ని మైదా జిగురుతో బయటి నుంచి అద్దానికి అంటించి, లోపలికొచ్చి, కాగితంలోంచి తిరగబడి కనిపించే అక్షరాల మీదుగా రంగు వేసేవాడు. కొన్నాళ్ళకి కాగితం కూడా మానేశాడు. తిరగేసిన తెలుగు ఆయన చేతికి మామూలు తెలుగులాగే వచ్చేసింది.

ఆ అద్దాల పనిలో నాకో ఉద్యోగం ఉండేది. రాయడం అయ్యాక నన్ను బయట ఫుట్‌పాత్ మీద నిలబెట్టేవాడు. "చదువమ్మా" అనేవాడు లోపల్నుంచి. నేను వత్తులూ దీర్ఘాలూ చూసుకుంటూ గట్టిగా చదవాలి. లోపలున్న మనిషికి తన తప్పు తనకి కనపడదని, బయట ఇంకొకళ్ళు నిలబడితేనే తెలుస్తుందని ఆయన నమ్మకం. చదవడం అయ్యాక "తప్పులున్నాయా?" అని అడిగేవాడు. లేవని చెప్తేనే బ్రష్షు కిరసనాయిల్లో ముంచేవాడు. నేను తెలుగు చదవడం నేర్చుకున్నది బళ్ళో కాదు, అలా అద్దాల ముందు నిలబడే.

తర్వాత ఫ్లెక్సులొచ్చాయి. ఎవరైనా కంప్యూటర్లో పేరు కొట్టి గంటలో బోర్డు తీసుకెళ్ళిపోతుంటే, రెండు రోజులు ఆగి నాన్న దగ్గర రాయించుకునేదెవరు? షాపు మూసేశాడు. అద్దాల మీద స్టిక్కర్లొచ్చాయి. అప్పుడు కూడా ఆయన ఎవర్నీ తిట్టలేదు. ఫ్లెక్సుల్లో అక్షర దోషాలు చూసుకుంటూ నడవడం కాలక్షేపంగా పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి అమ్మకి అప్పజెప్పేవాడు, "శుభాకాంక్షలులో దీర్ఘం మింగేశారోయ్" అని.

కిందటేడు వర్షాకాలంలో ఒకరోజు పొద్దున్నే చెప్పులు వేసుకోబోయి, ఎంతసేపటికీ కాలు దూరక, అలాగే అరుగు మీద కూర్చుండిపోయాడట. అమ్మ చూసేసరికి మూతి పక్కకి లాగేసి ఉంది. బెజవాడ తీసుకెళ్ళాం. మెదడులో ఎడమ వైపు చిన్న రక్తనాళం మూసుకుపోయిందన్నారు. టైముకే తెచ్చారన్నారు. వారం తర్వాత ఇంటికి పంపుతూ డాక్టరు నన్ను పక్కకి పిలిచి, చెయ్యి నెమ్మదిగా వస్తుందనీ, చెయ్యి గురించి తనకి దిగుల్లేదనీ చెప్పాడు.

"ఎడమా కుడీ తికమక పడుతున్నారేమో గమనిస్తూ ఉండండి మేడం. అక్షరాలు తారుమారుగా రాసినా, ఒక మాట బదులు ఇంకో మాట అన్నా వెంటనే తీసుకురండి. మళ్ళీ వచ్చే అవకాశం ఉంది" అన్నాడు.

ఆ మాట నా చెవిలో తిష్ట వేసుకుంది. నేను వారానికి రెండుసార్లు నందిగామ నుంచి పేటకి వెళ్ళి వచ్చేదాన్ని. బస్సులో అరగంట ప్రయాణం. వెళ్ళిన ప్రతిసారీ నాన్నకి తెలియకుండా పరీక్ష పెట్టేదాన్ని. "ఆ కుడి పక్కనున్న పేపరు ఇలా అందించు నాన్నా" అనేదాన్ని. అందించేవాడు. నాకు ప్రాణం లేచొచ్చేది. ఆయనకి నా పరీక్షలు తెలుసో లేదో అప్పట్లో ఆలోచించలేదు.

చెయ్యి బాగుపడటానికి రబ్బరు బంతి పిసకమన్నారు. రెండు రోజులు పిసికి, మూడో రోజు దాన్ని మంచం కిందకి దొర్లించాడు.

"బంతేంటోయ్ నా మొహాన. నేనేమన్నా చిన్నపిల్లాడినా" అన్నాడు అమ్మతో.

అప్పుడే నాకు ఆలోచన తట్టింది. మైక్రోస్కోపు ఒక అట్టపెట్టెలో సర్దుకుని, చెలమ నీళ్ళ సీసాతో సహా బస్సెక్కాను. పక్క సీటావిడ సీసా చూసి పచ్చడా అని అడిగింది. అవునన్నాను.

నాన్న కంటికి మైక్రోస్కోపు కుదరడానికి కాస్త టైము పట్టింది. కుదిరాక మాత్రం తల ఎత్తలేదు. అమ్మ రెండుసార్లు కాఫీ వేడిచేసింది.

"ఇది నడుస్తోందేంటమ్మా" అన్నాడు చివరికి.

"అవి కాళ్ళే అనుకో నాన్నా. పంతొమ్మిదున్నాయి."

"ఏదో మర్చిపోయింది పాపం, వెనక్కొస్తోంది చూడు."

నాకు తట్టిన మాటే ఆయనకీ తట్టింది. నా కళ్ళు ఎవరివో ఆ రోజు నాకు అర్థమైంది. చాలా సంతోషంగా అనిపించింది.

బొమ్మ వెయ్యమని అడిగాను. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాన్ని కాసేపు చూసుకున్నాడు. "గీత వంకరపోద్దమ్మా" అన్నాడు. గీతలు తక్కువే నాన్నా, చుక్కలే ఎక్కువ అని చెప్పాను. ఇలాంటి బొమ్మల్లో నీడ చూపించాలన్నా, గుండ్రం చూపించాలన్నా అన్నీ చుక్కలతోనే. చుక్క పెట్టాక చెయ్యెత్తి విశ్రాంతి తీసుకోవచ్చు, వణుకు తగ్గాకే రెండో చుక్క పెట్టవచ్చు. ఎన్ని రోజులు పట్టినా తొందర లేదు. ఆయన ముఖంలో కొంచెం వెలుగొచ్చింది.

ఎడమ కుడి సంగతి కూడా చెప్పాలి. చెప్పాలంటే భయంగానే ఉంది. కానీ అది చెప్పకుండా ఈ బొమ్మ కుదరదు. వీటిలో నోరెప్పుడూ ఎడమ వైపే ఉంటుంది. మన గుండెలాగే. నోరు కుడివైపు వేశామంటే లోకంలో లేని జీవిని వేసినట్టే, ఆ వర్ణనని ఎవరూ ఒప్పుకోరు.

"ఎడమ అంటే మన ఎడమ కాదు నాన్నా, దాని ఎడమ. అది మనకి ఎదురుగా కడుపు చూపిస్తూ ఉంది కదా. దాని వైపు నుంచి చూసుకోవాలి."

"దాని వైపు నుంచా" అన్నాడు. ఒక్క క్షణం ఆలోచించాడు. "ఓ, అదా" అన్నాడు.

నేను ఫోటోలు పెద్దవి చేసి ప్రింటు తీసిచ్చాను. మంచి ట్రేసింగు పేపరు, సన్నటి నిబ్బు పెన్నులు, నల్ల ఇంకు తెచ్చిపెట్టాను. కాళ్ళ వరసలు ఫోటోల్లో సరిగా పడనిచోట మైక్రోస్కోపులోనే చూసుకుంటానన్నాడు. కిటికీ పక్కన బల్ల వేసుకుని పని మొదలుపెట్టాడు.

ఆ తర్వాతి మూడు నెలలూ మా ఇంట్లో పండగలా గడిచాయి. ఉదయం ఎండ బల్ల మీదకి వచ్చే వేళకి స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, డ్యూటీకి వెళ్ళినట్టు కూర్చునేవాడు. మొదట్లో పెన్ను వేళ్ళ మధ్య నిలవక జారిపోతుంటే అమ్మ దానికి పాత చీర పీలిక చుట్టి లావు చేసింది. చిత్తు కాగితాల నిండా చుక్కలు. మొదటి వారం చుక్కలు తోకలతో ఉండేవి. తర్వాత తోకలు తగ్గాయి. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి కుడిచేత్తో పకోడీ తింటున్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి నాకు కళ్ళతోనే చూపించింది, మాట్లాడకు అన్నట్టు.

సీసాలో నీళ్ళు తగ్గకుండా చూసే బాధ్యత అమ్మదయింది. వాటికి తిండిగా ఒక్క బియ్యపు గింజ వెయ్యమని చెప్పాను. "నీ పురుగులు మీ నాన్నకన్నా నయమే, ఒక్క మెతుకుతో సరిపెట్టుకుంటున్నాయి" అని ఫోన్లో చెప్పేది. తెలిసినవాళ్ళెవరైనా వచ్చి సీసా ఏంటని అడిగితే, "మా అమ్మాయి పెంచుకుంటోందండి" అనేది, కుక్కపిల్ల సంగతి చెప్పినట్టు.

అసలు బొమ్మ మాత్రం నాన్న చూపించలేదు. బోర్డు పూర్తయ్యేదాకా పాత న్యూస్‌పేపరు కప్పి ఉంచడం ఆయనకి మొదట్నుంచీ అలవాటు. నేను బల్ల దగ్గరికి వెళ్తే చేత్తో మూసేసేవాడు. చివరికి ఒక శుక్రవారం సాయంత్రం, నేను తిరుగు బస్సుకి బయల్దేరుతుంటే, పాత క్యాలెండరులో చుట్టి దారం కట్టిన కాగితం నా చేతిలో పెట్టాడు.

"నందిగామ వెళ్ళాక చూడు. ఇక్కడ వద్దు" అన్నాడు. సిగ్గుపడ్డాడనుకుంటాను.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా దారం తెంచాను. నల్లటి ఇంకు మెరుస్తున్న వైపు పైకి పెట్టి, కింద తెల్ల కాగితం పరిచి చూశాను.

ఎంత అందంగా ఉందో చెప్పలేను. పక్క అంచులు ఎక్కడా వణకలేదు. చుక్కలు కేంద్రకాల మీద దట్టంగా, కడుపు మధ్యకొచ్చేసరికి పల్చగా. ఒక్కొక్క కాలూ వంగిన తీరు చూస్తే ఇప్పుడే అడుగేసేలా ఉంది. ఆ తర్వాత నోరు చూశాను. నోరు దాని కుడివైపుంది. పంతొమ్మిదో కాలు దాని కుడి అంచుకి వెళ్ళిపోయింది. ఒక్కటి కాదు, అన్నీ అటువి ఇటయ్యాయి. కింద మూలన నువ్వుగింజంత అక్షరాలేవో ఉన్నాయి. తెలుగే అనిపిస్తోంది గానీ ఒక్కటీ చదవడానికి రావట్లేదు. తలకట్లు ఎటో తిరిగి, కొమ్ములు ఇంకెటో పోయి, ఏ అక్షరమూ దాని రూపంలో లేదు.

ఎడమా కుడీ తికమక. అక్షరాలు తారుమారు. డాక్టరు చెప్పినవి చెప్పినట్టు నా ముందు కాగితం మీద ఉన్నాయి.

బొమ్మ గురించి కాదు నా బాధ. బొమ్మని కంప్యూటర్లో ఒక్క నొక్కుతో తిప్పేయవచ్చు, ఆ సంగతి నాకు తెలుసు. నాన్న తలలో ఏదో తిరగబడితే దాన్ని తిప్పే నొక్కు ఎక్కడుంది? మూడు నెలలు పండగ చేసుకున్నాం, చెయ్యి వచ్చిందని మురిసిపోయాం. చెయ్యి వస్తుంటే ఇంకోపక్క నాన్న వెళ్ళిపోతున్నాడు, మేం చూసుకోలేదు అనిపించింది. ఆయన జీవితమంతా అక్షరాలు. ఇప్పుడు మూలన నాలుగక్షరాలు తిన్నగా రాయలేకపోయాడు. చాలాసేపు ఏడ్చాను. మా ఆయన ఏమైందని అడిగితే ఆ కాగితం చూపించాను. ఆయనకి జువాలజీ రాదు గానీ మూలనున్న ఆ రాత చూసి డాక్టరు నంబరు వెతికి నా ముందు పెట్టాడు.

ఆ రాత్రే నాన్న ఫోన్ చేశాడు. "చూసావా?" అన్నాడు.

"చూసా నాన్నా. చాలా బావుంది."

"చదివావా?"

బొమ్మని చదవడమేంటి? ఒక మాట బదులు ఇంకో మాట. గొంతు మామూలుగా పెట్టుకుని, "ఆఁ, చదివా" అన్నాను. "సర్లే" అని పెట్టేశాడు. ఆ "సర్లే"లో ఏదో నిరాశ ఉందని అనిపించింది, ఎందుకో అర్థం కాలేదు.

మర్నాడు అమ్మకి చెప్పాను. అమ్మ మామూలుగా నా మాట సగంలో అందుకుంటుంది. ఆ రోజు చివరిదాకా విన్నది.

"నిన్న కూరలు తెచ్చి చిల్లర లెక్క సరిగ్గా చెప్పారే. మీ పెదనాన్న పిల్లల పేర్లన్నీ వరసగా చెప్పారు. నాకేం తేడా కనపళ్ళేదమ్మా" అంది.

డాక్టరుకి ఫోన్ చేస్తే సోమవారం తీసుకురమ్మన్నాడు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. క్యాలెండరు చుట్ట ఒళ్ళో పెట్టుకున్నాను. సిమెంటు లారీల వెనక మా బస్సు నత్తలా పోతుంటే, ఏం చెప్పి ఆయన్ని బెజవాడ తీసుకెళ్ళాలా అని మాటలు కూర్చుకుంటూ ఉన్నాను. ఒక్కటీ కుదరలేదు. నాన్నకి అబద్ధం చెప్పడం నాకు చేతకాదు, నిజం చెప్పే ధైర్యమూ లేదు.

నేను వెళ్ళేసరికి నాన్న బల్ల దగ్గరే ఉన్నాడు, నిబ్బులు తుడుచుకుంటూ. నా మొహం చూడగానే పెన్ను కింద పెట్టాడు.

"ఏంటమ్మా అలా ఉన్నావ్?"

చుట్ట విప్పి కాగితం బల్ల మీద పరిచాను. "నోరు దాని కుడివైపు పడింది నాన్నా" అన్నాను. "ఏం పర్లేదు. రేపొకసారి డాక్టర్ని చూసొద్దాం. ఊరికే, మామూలు చెకప్."

నాన్న కాగితం వంక చూశాడు. నా వంక చూశాడు. మూలనున్న అక్షరాల మీద నా వేలుండటం చూశాడు. అప్పుడు ఆయనకి మొత్తం అర్థమైంది. ఇన్నాళ్ళూ కుడి పక్క పేపరు, ఎడమ పక్క కళ్ళజోడు అని నేను పెట్టిన పరీక్షలతో సహా అర్థమైందని ఆయన కళ్ళే చెప్పాయి. కోప్పడతాడనుకున్నాను. కోపం రాలేదు. కాగితం రెండు చేతులతో తీసుకుని లేచాడు.

"బయటికెళ్ళు" అన్నాడు.

"నాన్నా..."

"వరండాలోకెళ్ళమ్మా. కిటికీ ముందు నిలబడు."

వెళ్ళి నిలబడ్డాను. అమ్మ కూడా వంటింట్లోంచి ఆ గదిలోకి వచ్చింది. లోపల నాన్న కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించాడు, ఇంకు ఉన్న వైపు తన వైపు పెట్టుకుని. పై మూలలు పట్టుకోవడానికి రెండు చేతులూ ఎత్తాడు. కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం స్ట్రోకు వచ్చాక నేను చూడటం అదే మొదలు. కొంచెం వణుకుతోంది, కానీ నిలిచింది. అమ్మ ట్యూబులైటు వేసింది.

పల్చటి కాగితంలోంచి బొమ్మంతా నా వైపుకి వచ్చింది. నోరు దాని ఎడమన ఉంది. పంతొమ్మిదో కాలు ఎడమ అంచున, ఎక్కడుండాలో అక్కడ ఉంది. నాన్న ముందు పెన్సిల్‌తో ఫోటో మీదుగా గీసుకుని, కాగితం తిరగేసి, వెనక వైపు ఇంకు పెట్టాడు. దాని వైపు నుంచి చూడాలని చెప్పాను కదా, ఆయన అద్దం లోపల నిలబడి రాసినట్టే దాని వైపు నిలబడి వేశాడు. చూసేవాళ్ళు ఇటు ఉంటారు, వేసేవాడు అటు ఉంటాడు. జీవితమంతా ఆయన చేసిన పని అదే.

"అద్దాల పని చేసేవాడి కూతురివి, తిప్పి చూస్తావనుకున్నా" అన్నాడు లోపల్నుంచి. "అందుకే చదివావా అనడిగా. చదివానన్నావ్. ఒక్క మాటా అనవేంటా అనుకున్నా."

నేను మూలకి చూశాను. తిరగేసిన అక్షరాలన్నీ లేచి సర్దుకుని నిలబడి ఉన్నాయి. చుక్కలతో కట్టిన అక్షరాలు, ఒక్క తలకట్టు తప్పలేదు, ఒక్క వత్తు జరగలేదు. షాపు మూసేశాక ఆయన ఎక్కడా రాయని పేరు. నా పేరు. పక్కన ఆర్ట్స్. కింద పేట.

"చదువమ్మా" అన్నాడు.

చిన్నప్పటిలా వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాను. నా పేరు సగానికొచ్చేసరికి ఆగిపోయాను. కళ్ళజోడు తడిసి ఏమీ కనపడట్లేదు. నేను ఆగడం చూసి నాన్నకి కంగారు పుట్టింది. చేతులు దించకుండానే, కాగితం పక్కనుంచి తల వంచి చూశాడు.

"ఏంటి, తప్పులున్నాయా?"

"లేవు నాన్నా" అన్నాను.

అద్దం అవతలికి వినపడలేదేమో, మళ్ళీ అడిగాడు. ఈసారి వీధిలోకి వినపడేలా చెప్పాను.